ఆవకాయ వ్యాపారంలో మార్కెటింగ్ పని ఎక్కడ మొదలవుతుంది? మిరపకాయ కొనడం నుంచి కొరియర్ దాకా ఒక్కో అడుగు

చిన్న వ్యాపారం నడిపేవాళ్ళని "మీ మార్కెటింగ్ ఎవరు చూస్తారండీ?" అని అడిగి చూడండి. "మా తమ్ముడు ఇన్‌స్టాగ్రామ్ చూసుకుంటాడు" అంటారు. అంటే సరుకు తయారై, జాడీలు నిండి, గోడౌన్‌లో పేరుకున్నాక గుర్తొచ్చే పని అన్నమాట. అది అమ్ముడు పోకపోతే మాత్రం "మార్కెటింగ్ సరిగ్గా లేదు" అని తమ్ముడి మీద పడతారు. ఎంత చెయ్యాలి, ఏ సైజులో, ఎవరి నోటికి తగ్గట్టు, ఏ రేటుకి అనుకున్నప్పుడు ఆ తమ్ముణ్ణి ఎవరైనా ఒక్క మాట అడిగారా?

ఏ వ్యాపారంలోనైనా జరిగే పనులు కొన్నే. కొనడం, తయారు చెయ్యడం, డబ్బు చూడడం, మనుషుల్ని పెట్టుకుని నడిపించడం, అమ్మడం, చేర్చడం. వీటన్నిటి దగ్గరికీ కొనేవాళ్ళ మాటని మోసుకెళ్ళడం, లోపల వీలయ్యేదాన్నే బయట మాటగా ఇవ్వడం మార్కెటింగ్ పని. సేల్స్ వేరు, అది ఉన్న సరుకుని ఇవాళ డబ్బుగా మార్చే పని. వచ్చే ఏడాది ఏ సరుకు ఉండాలో ఈ ఏడాదే చెప్పేది మార్కెటింగ్. మేనేజ్‌మెంట్ గురువు పీటర్ డ్రక్కర్ 1954లోనే వ్యాపారానికి మూలమైన పనులు రెండే, ఒకటి మార్కెటింగ్, రెండోది కొత్తదనం అన్నాడు. నాకైతే అది కొంచెం ఎక్కువ చేసి చెప్పినట్టే ఉంటుంది, ఎందుకంటే పచ్చడి బూజు పట్టాక మార్కెటింగ్ ఏ మాత్రం కాపాడలేదు. కానీ కొనేవాళ్ళ మాట వినకుండా బూజు పట్టని పచ్చడి టన్నులకొద్దీ పెట్టినా అంతే సంగతి.

ఈ పనులు ఒకదానికొకటి ఎలా తగులుకుంటాయో చూడడానికి పచ్చళ్ళ యూనిట్‌ని తీసుకుంటున్నాను. ఏడాది మొత్తం అమ్మాల్సిన సరుకుని ఐదారు వారాల్లో తయారు చేసుకోవాల్సిన వ్యాపారం ఇది, తప్పు లెక్క వేస్తే మళ్ళీ వేసవి దాకా దిద్దుకునే వీలుండదు. ఎనిమిది పదిమంది పనిచేసే చోటు, విజయవాడ, హైదరాబాద్ కొట్లకి సరుకు, కొన్ని వాట్సాప్ ఆర్డర్లు, కొన్ని అమెరికా పార్సెళ్ళు అనుకుందాం. కింద వేసిన రూపాయలు, కిలోలు అన్నీ లెక్క అర్థం కావడానికే, మీ అంకెలు మీరు పెట్టుకోండి.

1. ఏ నిర్ణయం ఎవరిదో కాగితం మీద పెట్టండి

పదవులు రాయొద్దు, నిర్ణయాలు రాయండి. ఈసారి ఎన్ని కిలోల ఆవకాయ, అందులో వెల్లుల్లి వేసింది ఎంత వెయ్యనిది ఎంత, పౌచా సీసానా, పావుకిలోనా అరకిలోనా, రేటెంత, ఏ కొట్టుకి అరువివ్వాలి, పార్సెల్ లీకైతే డబ్బు వెనక్కివ్వాలా కొత్తది పంపాలా, ఫోన్ ఎవరెత్తాలి. ఒక్కోదాని పక్కన, పోయినసారి ఆ నిర్ణయం నిజంగా ఎవరి వల్ల జరిగిందో రాయండి. ఎవరు చెయ్యాలన్నది తర్వాత.

చాలామందికి ఇక్కడే దిమ్మ తిరుగుతుంది. ప్యాక్ సైజుని పౌచ్‌లు సప్లై చేసేవాడు తేల్చి ఉంటాడు, ఎందుకంటే అతని దగ్గర ఆ సైజే స్టాకుంది. రేటుని నూనె ధర తేల్చింది. ఏ ఊళ్ళో అమ్మాలన్నది డిస్ట్రిబ్యూటర్ వ్యాన్ తిరిగే దారి తేల్చింది. కారం ఎంత పడాలన్నది పచ్చడి కలిపే అత్తయ్యగారి నోరు తేల్చింది. ఇవన్నీ మార్కెటింగ్ నిర్ణయాలే, కాకపోతే కొనేవాళ్ళ తరఫున మాట్లాడే మనిషి ఒక్కదాంట్లోనూ లేడు.

ఇప్పుడు ప్రతి నిర్ణయానికీ రెండు పేర్లు పెట్టండి: తేల్చేవాళ్ళు ఒకరు, తేల్చేముందు తప్పనిసరిగా అడగాల్సినవాళ్ళు ఒకరు. దీనికోసం కొత్తగా మనిషిని పెట్టుకోనక్కర్లేదు, ఈ సైజు వ్యాపారంలో మార్కెటింగ్ మేనేజర్ అనవసర ఖర్చు. ఓనరో, ఓనరు భార్యో, ఆర్డర్లు రాసుకునే అమ్మాయో ఎవరైనా సరే. ఒక్క జాగ్రత్త, రోజువారీ అమ్మకాల టార్గెట్ నెత్తి మీదున్నవాళ్ళకి ఈ పని అప్పగించొద్దు. వాళ్ళకి ఎప్పుడూ ఈ శనివారం లోపు కదిలే సరుకే కనబడుతుంది, అది వాళ్ళ తప్పు కూడా కాదు.

2. కొనేవాళ్ళని కలిపి చూడొద్దు

"మా పచ్చడి అందరికీ నచ్చుతుంది" అన్న మాటని కొన్నాళ్ళు పక్కన పెట్టండి. ఒకే ఆవకాయని కొనేవాళ్ళలో కనీసం నాలుగు రకాలుంటారు, వాళ్ళ అవసరాలు ఒకదానితో ఒకటి కలవవు.

హాస్టల్లో ఉండే కుర్రాడికి పావుకిలో చాలు, గాజు సీసా వద్దు, మూత మళ్ళీ పెట్టుకునేలా ఉండాలి, గదిలో వాసన రాకూడదు. ఇంట్లో పచ్చడి పెట్టే ఓపిక తగ్గిన కుటుంబానికి కిలో కావాలి, వాళ్ళు రుచిని వాళ్ళమ్మ పచ్చడితో పోల్చి చూస్తారు, అందుకే వీళ్ళని మెప్పించడం అన్నిటికంటే కష్టం. మెస్‌లూ క్యాటరింగ్‌వాళ్ళూ పెద్ద డబ్బాల్లో అడుగుతారు, ముక్క చిన్నదిగా ఉండాలి, రేటు దగ్గర పైసా వదలరు. ఇక నాలుగోవాళ్ళు పిల్లల్ని అమెరికా పంపే తల్లిదండ్రులు. జులై, ఆగస్టుల్లో యూనివర్సిటీలు తెరిచే వేళకి పెట్టెలు సర్దుకునే ఇళ్ళలో పచ్చడి ప్యాకెట్లు ఎన్ని పడతాయో మనందరికీ తెలిసిందే. వీళ్ళు రేటు గురించి పెద్దగా అడగరు, విమానంలో కారుతుందా కారదా అన్నదొక్కటే అడుగుతారు.

రుచి సంగతి సరేసరి. తెలంగాణ ఇళ్ళలో చాలాచోట్ల ఆవకాయలో అల్లం వెల్లుల్లి ముద్ద పడాలి, కాచిన నూనె పోపు పడాలి. కోస్తా వైపు ఆవపిండి ఘాటు తగలకపోతే అది ఆవకాయే కాదంటారు. వెల్లుల్లి ముట్టని ఇళ్ళున్నాయి, మామూలుగా తినేవాళ్ళలో కూడా కార్తీకమాసం వస్తే మానేసేవాళ్ళున్నారు. నాన్‌వెజ్ పచ్చళ్ళు అమ్మేవాళ్ళకి ఆ నెలలో గిరాకీ ఎలా పడిపోతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇవన్నీ తెలుసుకోవడానికి సర్వే ఫారాలు అక్కర్లేదు. పోయిన ఏడాది కొన్నవాళ్ళలో ఓ ఇరవై మందికి ఫోన్ చెయ్యండి. "మా పచ్చడి ఎలా ఉంది?" అని అడిగితే "బావుందండీ" అనే వస్తుంది, మొహమాటం మన రక్తంలోనే ఉంది కదా. "ఆఖరిసారి పచ్చడి ఎప్పుడు కొన్నారు, ఎక్కడ, ఎంత, అది అయిపోయిందా ఇంకా ఉందా?" అని అడగండి. ఇంకా ఉంది అంటే ఎందుకుందో అడగండి. మీ దగ్గర ఒకసారే కొని మళ్ళీ కొననివాళ్ళకి ముందు చెయ్యండి, చుట్టాలకి అసలు చెయ్యొద్దు.

విన్నదాన్ని ఒక పేజీలో రాసి, కొనుగోళ్ళు చూసేవాళ్ళకీ పచ్చడి కలిపేవాళ్ళకీ చదివి వినిపించండి. "ఎర్రగా ఉండాలి కానీ మంట వద్దు" అని హైదరాబాద్‌వాళ్ళు పదే పదే అంటున్నారనుకోండి, అది కొనుగోళ్ళవాళ్ళకి నేరుగా పనికొచ్చే సమాచారం, ఎందుకంటే ఘాటు కోసం కొనే తేజ రకం వేరు, రంగు కోసం కొనే బ్యాడిగి రకం వేరు. ఆ పాళ్ళు తేలాల్సింది గుంటూరు యార్డుకి కొత్త మిర్చి వచ్చే రోజుల్లో. పచ్చడి కలిపాక తేలితే చేసేదేమీ లేదు.

3. మామిడికాయ రాకముందే ఒక అంకె చెప్పండి

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే, చాలా యూనిట్లలో అసలు జరగనిది కూడా ఇదే. ఆవకాయ కాయ ఏప్రిల్ చివర నుంచి జూన్‌లో వానలు పట్టే దాకానే దొరుకుతుంది, వాన పడ్డ కాయని అనుభవమున్నవాళ్ళు ముట్టరు. మిర్చి అంతకు ముందే కొనాలి. నూనె, ఆవాలు, మెంతులు, ఉప్పు, సీసాలు, ముక్కలు కొట్టే కూలీలు, అన్నీ ఆ కొద్ది వారాల్లోనే. అంటే ఏడాదిలో పెట్టే డబ్బులో పెద్ద భాగం రెండు నెలల్లో బయటికి పోతుంది, అది పది నెలలపాటు కొంచెం కొంచెంగా వెనక్కొస్తుంది. ఎంత చెయ్యాలో చెప్పాల్సింది ఎవరు? తయారీవాళ్ళు "డ్రమ్ములు ఎన్ని ఉన్నాయో అంత" అంటారు. డబ్బు చూసేవాళ్ళు "పోయినసారి కంటే తగ్గించండి" అంటారు. సేల్స్ కుర్రాడు "ఎంత పెట్టినా అమ్మేస్తా సార్" అంటాడు. ముగ్గురిలో ఎవరికీ కొనేవాళ్ళ లెక్క తెలియదు.

ఆ లెక్క ఇలా కట్టండి. పోయిన ఏడాది అమ్మకాన్ని నెలలవారీగా, దారులవారీగా విడదీయండి: కొట్ల ద్వారా ఎంత, వాట్సాప్‌లో ఎంత, పార్సెళ్ళు ఎంత. కొట్లకి పంపింది వేరు, కొట్లలో అమ్ముడైంది వేరు, ఈ తేడా దగ్గరే చాలామంది దెబ్బతింటారు. వేసవిలో పంపిన సరుకు సంక్రాంతి తర్వాత రిటర్న్ వస్తే అది అమ్మకం కాదు కదా, కానీ పుస్తకంలో మాత్రం అమ్మకంగానే కూర్చుని ఉంటుంది. రిటర్న్స్ తీసేసి, సరుకు లేక వెనక్కి పంపిన ఆర్డర్లు కలిపి, కొత్తగా ఖాయమైన కొట్లని చేర్చితే మూడు అంకెలొస్తాయి. ఏ పరిస్థితిలోనైనా పోయేది 1,600 కిలోలు, బహుశా పోయేది 2,000, అన్నీ కలిసొస్తే 2,600 అనుకుందాం.

ఇప్పుడు డబ్బు చూసేవాళ్ళని కూర్చోబెట్టండి. కిలోకి సరుకు ఖర్చే 150 రూపాయలైతే, 400 కిలోలు ఎక్కువ పెట్టినందుకు 60 వేలు ఇరుక్కుంటుంది, అందులో రంగు నల్లబడి, నూనె వాసన మారి, తగ్గించి అమ్మాల్సిన భాగం కొంత ఉంటుంది. అదే 400 కిలోలు తక్కువ పెడితే పోయేది ఎనిమిది వందల అరకిలో ప్యాకెట్ల మీద లాభం. ప్యాకెట్‌కి 24 రూపాయల చొప్పున (ఆ 24 ఎలా వచ్చిందో తర్వాతి అడుగులో ఉంది) 19,200. దానికి తోడు నవంబర్‌లో మీ సరుకు లేని అరలోకి ఇంకొకడి సీసా వచ్చి కూర్చుంటుంది, అది రూపాయల్లో కట్టలేం గానీ చిన్న నష్టం కాదు.

తయారీవాళ్ళ దగ్గర దీనికి మధ్యేమార్గం ఒకటుంది. 1,600 కిలోలు పూర్తిగా పెట్టెయ్యడం, ఇంకో 400 కిలోలకి సరిపడా ముక్కల్ని ఉప్పులో డ్రమ్ములకెత్తి ఉంచడం, గిరాకీ చూసి కారం, ఆవపిండి, నూనె కలుపుకోవడం. పెద్ద కంపెనీలు ఉప్పులో నిలవ చేసిన ముక్కతో ఏడాది పొడుగునా పచ్చడి చేసేది ఇలాగే. మిర్చి, నూనె డబ్బు ముందే ఇరుక్కోదు. కానీ ఆ ముక్క కరకర కొంత తగ్గుతుంది, కొత్తావకాయ రుచి రాదు. ఈ రెండో విడతని మెస్‌లకి పంపొచ్చా, ఇళ్ళకి పంపొచ్చా అన్నది కలిపేవాళ్ళు తేల్చేది కాదు, రెండో అడుగులో ఫోన్లు చేసినవాళ్ళు తేల్చాలి. మిగతా 600 కిలోల ఆశ వదిలెయ్యండి.

4. రేటు దగ్గర డబ్బు చూసేవాళ్ళ పక్కన కూర్చోండి

ఖర్చు మీద కొంత వేసుకుని రేటు కట్టడం మనకి అలవాటు. ఇంకో దారి, కొనేవాళ్ళ జేబు నుంచి వెనక్కి లెక్కకట్టుకుంటూ రావడం. 1983లో తమిళనాడు కడలూరులో సి.కె. రంగనాథన్ మొదలుపెట్టిన చిక్ షాంపూ కథలో ఉన్నది ఇదే. సీసా కొనలేనివాళ్ళ చేతిలో చిల్లర ఎంతుంటుందో ముందు చూసి, ఆ చిల్లరకి ఎన్ని మిల్లీలీటర్లు ఇవ్వొచ్చు, దానికి ఏ ప్యాకింగ్ సరిపోతుంది, ఏ ఖర్చులో చెయ్యాలి అన్న ప్రశ్నలు ఆ వరసలో వస్తాయి. రేటే ముందు, తయారీ దాని వెనక. పల్లెటూరి కిరాణా కొట్లో షాంపూ సాషేల దండ వేలాడడం ఇంత మామూలైపోయిందంటే ఆ వరస వల్లే.

మన అరకిలో ప్యాకెట్‌కి వద్దాం. ఎమ్మార్పీ 210, అందులో జీఎస్టీ 5 శాతం చొప్పున 10 పోతే 200. కొట్టువాడి మార్జిన్ 40, డిస్ట్రిబ్యూటర్‌కి 16 పోతే మన చేతికొచ్చేది 144. తయారీ, ప్యాకింగ్, కూలి కలిపి 105, రవాణా 9, పగిలినవీ తిరిగొచ్చినవీ సర్దుకోవడానికి 6. మొత్తం 120. మిగిలేది 24.

ఇక్కడ ఇన్‌స్టాగ్రామ్ తమ్ముడు దసరాకి పది శాతం డిస్కౌంట్ పెడదామంటాడు. మార్జిన్లు ఎవరూ తగ్గించుకోరు కాబట్టి పన్ను కాక 20 రూపాయలు మన జేబులోంచే పోతాయి. మిగిలేది 4. అంటే అదే లాభం రావాలంటే ఆరు రెట్లు అమ్మాలి! పండగ ఆఫర్ కొట్టి అమ్మకాలు రెట్టింపయ్యాయని స్వీట్లు పంచుకునే యూనిట్లలో ఈ గుణకారం ఎవరూ చేసి ఉండరు.

"అయితే కొట్లు మానేసి నేరుగా అమ్ముకుంటే సరి" అనిపిస్తుంది. చూద్దాం. ఒక ప్యాకెట్ ఆర్డర్: పన్ను పోను 200, తయారీ 105, కొరియరూ అట్టపెట్టే కలిపి 60, ఆ ఆర్డర్ రావడానికి ప్రకటనల మీద పెట్టింది 40. అయిదు రూపాయల నష్టం. అదే మూడు ప్యాకెట్ల ఆర్డరైతే 600లో తయారీ 315, కొరియర్ 110, ప్రకటన అదే 40, మిగిలేది 135. కాబట్టి ఆవకాయ, మాగాయ, గోంగూర కలిపి ఒక కాంబో అమ్మడమా, ఒక్కటే అమ్మడమా అన్నది పోస్టర్ అందం కోసం తేల్చేది కాదు. ఒక్క ప్యాకెట్‌కి డెలివరీ చార్జీ వేసి, మూడింటికి తీసేస్తే చాలు, కొనేవాళ్ళే లెక్క చూసుకుంటారు.

అరువు సంగతి కూడా ఈ అడుగులోదే. బిల్లు వేసినదాని మీద సేల్స్‌వాళ్ళకి కమిషన్ ఇస్తే వాళ్ళు అరువు మీద కుమ్మరించి వస్తారు, వసూలైనదాని మీద ఇవ్వండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలు కేంద్ర ప్రభుత్వం దగ్గర చేసుకునే నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న తయారీ యూనిట్లకి 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం కొన్నవాళ్ళు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. సూపర్ మార్కెట్ చైన్‌తో మాట్లాడేటప్పుడు ఆ గడువు గుర్తుచేయడానికి పనికొస్తుంది. వీధి చివర కిరాణా కొట్టాయన మీద చట్టం ఎత్తితే ఆయన మీ సీసాల్ని కింది అరలోకి తోసేస్తాడు, అక్కడ పాత పద్ధతే మేలు, పాత బాకీ తీరాకే కొత్త సరుకు.

5. మాట ఇచ్చేముందు తయారీవాళ్ళని అడగండి

లేబుల్ మీదా ప్రకటనలోనూ రాసే ప్రతి మాటా పని జరిగే చోట ఎవరో ఒకరు నిలబెట్టాల్సిన మాట. "ప్రిజర్వేటివ్‌లు లేవు" అని రాయాలని మీకుంటుంది, కానీ మెస్‌లకి పంపే బ్యాచ్‌లో సోడియం బెంజోయేట్ వేస్తున్నారేమో కలిపేవాళ్ళని అడిగారా? "పప్పునూనెతోనే (అంటే నువ్వులనూనె) చేస్తాం" అన్నారు, ధర పెరిగిన నెలలో వేరుశనగ నూనె కలిపితే ఏం చేస్తారు? కొనుగోళ్ళవాళ్ళకి ఈ మాట ఇచ్చినట్టు తెలియకపోతే వాళ్ళు ఖర్చు తగ్గించామనే అనుకుంటారు, మెచ్చుకోమని కూడా అడుగుతారు.

లేబుల్‌కి కావలసినవాటిలో ముఖ్యమైనవి టకటకా చెప్పేస్తాను: ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశపు ఆహార భద్రత సంస్థ) ఇచ్చే 14 అంకెల నంబరు, శాకాహారపు ఆకుపచ్చ గుర్తు, దినుసులు ఎక్కువ నుంచి తక్కువకి, నికర బరువు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, అన్ని పన్నులూ కలిపిన ఎమ్మార్పీ, ఫిర్యాదుకి ఫోనూ అడ్రసూ. డిజైనర్‌కి ఇచ్చేముందు ఇవి సరిపోయాయో లేదో లైసెన్స్ పనులు చూసేవాళ్ళ చేత చూపించండి. అమెరికాకి సరుకు పంపేవాళ్ళు ఇంకోటి గమనించాలి, 2023 జనవరి 1 నుంచి అక్కడ నువ్వుల్ని ముఖ్యమైన అలర్జీ పదార్థాల్లో తొమ్మిదోదిగా చేర్చారు, కాబట్టి నువ్వులనూనె పచ్చడి లేబుల్ మీద ఆ సంగతి స్పష్టంగా ఉండాలి. చికెన్, మటన్ పచ్చళ్ళు విదేశాలకి పంపుతామని రీల్ చేసేముందు ఆ దేశపు మాంసం నిబంధనలేంటో కొరియర్‌వాళ్ళనీ కస్టమ్స్ పనులు చూసే ఏజెంట్లనీ అడగండి.

పేరు తెచ్చిన మాటే మెడకి చుట్టుకోవడానికి పెద్ద ఉదాహరణ టాటా నానో. లక్ష రూపాయల కారు అన్న మాట ఇంజనీర్లని ఒక దారిలో నడిపించి అద్భుతమే చేయించింది, 2009లో అమ్మకానికి వచ్చింది. కానీ "అన్నిటికంటే చవక కారు" అన్న ముద్రతో ఇంటిముందు పెట్టుకోవడానికి జనం ఇష్టపడలేదు, అలా ప్రచారం చేయడం పొరపాటని రతన్ టాటాయే తర్వాత ఒప్పుకున్నారు. తయారీవాళ్ళు తమ మాట నిలబెట్టుకున్నారు, కొనేవాళ్ళు కారులో చూసుకునేది రేటొక్కటే కాదన్న సంగతి దగ్గరే లెక్క తప్పింది. చవక పచ్చడి అని పేరు తెచ్చుకోవాలనుకునేవాళ్ళు దీన్ని ఒకసారి తలుచుకోండి.

6. ఫిర్యాదు ఎవరి బల్ల మీదికి వెళ్ళాలో తేల్చండి

పార్సెల్ లీకైంది. కస్టమర్ ఫోటో పెట్టారు. ఆర్డర్లు చూసే అమ్మాయి సారీ చెప్పి వంద రూపాయల కూపన్ ఇచ్చింది. అక్కడితో అయిపోయింది, పై వారం ఇంకో నాలుగు లీకయ్యాయి. అసలు లోపం ఎక్కడుంది? పౌచ్ నింపేటప్పుడు సీల్ పడే చోట నూనె అంటుకుంటే ఎంత వేడి పెట్టినా అతుకు సరిగ్గా పట్టదు. మెడ దాకా నింపకుండా కాస్త ఖాళీ వదలాలి, అంచు తుడిచి సీల్ వెయ్యాలి, సీల్ వేసినదాన్ని గట్టిగా నొక్కి చూడాలి. ప్యాకింగ్ బల్ల దగ్గర అయ్యే పనికి మార్కెటింగ్ ఖాతాలోంచి కూపన్లు పోతున్నాయి.

అందుకే ప్రతి ఫిర్యాదునీ బ్యాచ్ నంబరుతో సహా ఒక పుస్తకంలో రాయించండి, ఒక్క ముక్కలో కారణం రాయించండి: లీకు, ఉప్పు, మెత్తబడ్డ ముక్క, నూనె తక్కువ, ఆలస్యం, చెప్పింది ఒకటి వచ్చింది ఒకటి. అదే రోజు సంబంధించినవాళ్ళకి ఆ పేజీ ఫోటో వెళ్ళాలి. ఒకే బ్యాచ్ మీద మూడో ఫిర్యాదు వస్తే ఆ బ్యాచ్ అమ్మకం ఆపే అధికారం పుస్తకం రాసే మనిషికే ఇవ్వండి. ఓనర్లకి ఇది మింగుడు పడదు, తెలుసు. కానీ ఆపడానికి మీ అనుమతి కావాలంటే మీరు పెళ్ళిలో ఉన్న రోజే ఆ మూడో ఫిర్యాదు వస్తుంది.

ఫోనెత్తే మనిషి విషయంలో పిసినారితనం పనికిరాదు. 2025లో రేటు ఎక్కువని అన్న కస్టమర్‌కి వాట్సాప్‌లో వెళ్ళిన దురుసు జవాబు ఒక తెలుగు పచ్చళ్ళ వ్యాపారాన్ని రాత్రికి రాత్రి ఎలా రచ్చకీడ్చిందో అందరూ చూశారు. రేటు ఎందుకంత అన్న ప్రశ్న రోజూ వచ్చేదే, దానికి జవాబు ముందే రాసి ఉండాలి: ఏ నూనె, ఏ కాయ, కిలోకి ఎంత ముక్క. నాలుగో అడుగులో వేసిన లెక్క మీ ఫోనెత్తే మనిషికి తెలిసి ఉంటే కోపం రాదు, చెప్పడానికి మాట ఉంటుంది.

7. ప్రకటనకి డబ్బు ఇప్పుడు తియ్యండి, ముందు కాదు

ఇంత దూరం వచ్చాకే తమ్ముడి ఇన్‌స్టాగ్రామ్ వంతు. ముందు ఒక్క అంకె చూడండి: ఈ నెల ఆర్డర్లలో ఇదివరకు కొన్నవాళ్ళవి ఎన్ని? కొన్నవాళ్ళు మళ్ళీ రావట్లేదంటే ప్రకటనకి పెట్టే ప్రతి రూపాయీ మీ లోపాన్ని ఇంకొంతమందికి పరిచయం చేయడానికే ఖర్చవుతుంది. వస్తున్నారంటే అప్పుడు కొంచెం కొంచెంగా పెంచండి, ఒక్కో ఆర్డర్‌కి ప్రకటన ఖర్చు ఎంత పడుతోందో రాసుకుంటూ. పై లెక్కలో ఆ 40 కాస్తా 90 అయితే మూడు ప్యాకెట్ల ఆర్డర్‌లో కూడా లాభం 85కి దిగిపోతుంది.

ప్రకటన తేదీ స్టాకు పుస్తకం చూసి పెట్టండి. ఫుడ్ వ్లాగర్‌తో వీడియో చేయించి, ఒక్క వారంలో ఆర్డర్లు ముంచెత్తి, ప్యాకింగ్‌లో ఇద్దరే ఉండి, పదిహేను రోజులు ఆలస్యమై, కామెంట్లలో తిట్లు తినే కథ మనందరికీ తెలిసిందే. వీడియో వచ్చే వారానికి ప్యాకింగ్‌కి అదనంగా ఎవరొస్తారు, కొరియర్ వ్యాన్ రోజుకి రెండుసార్లు వస్తుందా అన్నది ముందే మాట్లాడుకోవాలి. కుదరదంటే ఆ నెలకి వీడియో వాయిదా వెయ్యండి. అమెరికా ప్రయాణాల గిరాకీ కోసమైతే జూన్ చివరే మొదలుపెట్టాలి, ఆగస్టులో పెట్టెలు కట్టేశాక చూపించి లాభం లేదు.

8. వారానికి అరగంట, నలుగురు

శుక్రవారం సాయంత్రం కొనుగోళ్ళు చూసేవాళ్ళు, కలిపేవాళ్ళు, డబ్బు చూసేవాళ్ళు, ఫోనెత్తేవాళ్ళు అరగంట కూర్చోండి. ఫిర్యాదు పుస్తకం ముందు, తర్వాత స్టాకు, తర్వాత వసూళ్ళు, ఆఖర్న వచ్చే వారం బయట ఏం చెప్పబోతున్నాం. ఫోనెత్తే అమ్మాయి చేతే ముందు మాట్లాడించండి, ఓనరు మొదలుపెడితే మిగతావాళ్ళు తలలూపి లేచిపోతారు.

తగువులొస్తాయి. కలిపేవాళ్ళు నూనె తగ్గిస్తే లీకులు తగ్గుతాయంటారు, ఫోనెత్తేవాళ్ళు నూనె తేలకపోతే జనం తిట్టిపోస్తారంటారు, నూనె మట్టం ముక్క పైకి లేకపోతే బూజు పడుతుందని ఇంకొకరు గుర్తుచేస్తారు. ఇలాంటి చోట సరుకు పాడవకుండా ఉండడం, తినేవాళ్ళకి హాని లేకపోవడం అన్నవాటి మీద కలిపేవాళ్ళదే ఆఖరి మాట, మార్కెటింగ్ నోరెత్తకూడదు. రుచి, సైజు, పేరు, ఏ దారిలో అమ్మాలన్న వాటి మీద కొనేవాళ్ళ తరఫున మాట్లాడే మనిషిది. డబ్బు చూసేవాళ్ళకి దేన్నైనా ఒక నెల ఆపే హక్కుండాలి, కానీ ఎందుకు ఆపారో అంకెల్లో చూపించాలి. ఎవరిది ఏ మాటో ఆ మొదటి కాగితం వెనకే రాసి గోడకి అంటించండి, ఫిబ్రవరిలో మిర్చి కొనడానికి గుంటూరు వెళ్ళేముందు దాన్నొకసారి దిద్దుకోండి.